ఆమోదం సరే, చదివిందెవరు?

మున్సిపల్ కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు జిల్లా పేజీల్లో వచ్చే వార్త ఎలా ఉంటుందో పాఠకులకు తెలిసిందే. పోడియం ముందు బైఠాయింపు, అజెండా ప్రతుల చించివేత, అధికార, విపక్ష సభ్యుల వాగ్వాదం, చివరకు వాకౌట్. ఆ వార్త అడుగున ఒక్క వాక్యం ఉంటుంది: అజెండాలోని అంశాలన్నిటినీ సభ ఆమోదించింది. అసలు వార్త ఆ వాక్యమే. ఏ కాలువలో పూడిక తీస్తారు, ఏ వీధికి మంచినీటి పైపు పడుతుంది, సంత ఆశీలు ఎవరికి దక్కాయి, మున్సిపల్ దుకాణం అద్దె ఎంత, పారిశుధ్య కార్మికుల కాంట్రాక్టు ఎన్ని నెలలు పొడిగిస్తున్నారు అన్నవన్నీ ఆ అంశాల్లోనే ఉన్నాయి. వాటిని ఎవరు చదివారో, ఎవరు ప్రశ్నించారో, ఎవరు కాదన్నారో మనకు తెలియదు. నగర పాలనలో ప్రజాస్వామ్యం నిలిచేదీ పోయేదీ ఈ మామూలు అంశాల దగ్గరేనని నా అభిప్రాయం. అవి సభకు వెళ్లడానికి ముందే జనం చేతికి రావాలి. అది జరగనంతవరకు, ఎన్నికలు ఎంత హోరాహోరీగా సాగినా, కౌన్సిల్ హాలు ఆమోదముద్ర వేసే చోటుగానే మిగిలిపోతుంది.

ఒక మామూలు అంశాన్ని దగ్గరగా చూద్దాం. వానాకాలానికి ముందు ఏ మున్సిపాలిటీ అజెండాలోనైనా కనిపించేదే: ఫలానా వార్డులో ఫలానా రోడ్డు మొదలు ఫలానా కల్వర్టు వరకు మేజర్ డ్రెయిన్‌లో పూడికతీత పని, అంచనా విలువ ఇంత, ఖర్చు సాధారణ నిధుల నుంచి, ఇంత శాతం తక్కువకు వచ్చిన టెండరు కౌన్సిల్ ఆమోదం నిమిత్తం సమర్పించడమైనది. రెండు మూడు వరుసల్లో ముగిసే ఈ అంశంలో అడగదగ్గ ప్రశ్నలు ఎన్నో. పూడిక లోతు ఎంతని కొలిచారు, ఎప్పుడు కొలిచారు? తీసిన మట్టిని గట్టునే పోస్తారా, ట్రాక్టర్లలో డంపింగ్ యార్డుకు తోలతారా? గట్టున పోస్తే మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది. తోలితే ట్రిప్పులకు లెక్క ఉండాలి. నిరుడు ఇదే కాలువకు ఇదే పని పేరుతో బిల్లయిందా? అంచనాకన్నా టెండరు మరీ తక్కువకు వేస్తే ఆ సొమ్ముతో పని ఎలా పూర్తవుతుంది? ఎం.బుక్‌లో కొలతలు రాసేటప్పుడు అక్కడ ఎవరుంటారు? వీటిలో సగం ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది ఆ కాలువ పక్కన కాపురముండే మనిషి. పోయిన వేసవిలో పొక్లెయిన్ వచ్చిందో లేదో, వస్తే ఎన్నాళ్లు పనిచేసిందో ఇంజినీరింగ్ సెక్షన్‌కంటే అతనికే బాగా తెలుసు. కానీ తన వీధి కాలువ ఈ నెల అజెండాలో ఉందన్న కబురు అతని దాకా చేరదు. వాన కురిసి నీళ్లు గుమ్మంలోకి వచ్చాక కార్యాలయానికి వెళ్తే, పూడిక తీశామని, కౌన్సిల్ కూడా ఆమోదించిందని కాగితం చూపిస్తారు.

ఇంత చిన్న వాటి గురించి ఇంత రాద్ధాంతం అవసరమా అనేవారు ఒక పాత తీర్మానాన్ని గుర్తుచేసుకోవాలి. మద్రాసు కార్పొరేషన్‌కు తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1920 సెప్టెంబరు 16న, కౌన్సిల్ ముందుకు ఒక అంశం వచ్చింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు, ఒక్కొక్కరికి రోజుకు అణాకు మించని ఖర్చుతో, టిఫిన్ పెట్టించాలన్నది ప్రతిపాదన. అణా ఖర్చు, ఒక్క బడి. ఆకలితో పిల్లలు బడి మానేస్తున్నారన్నది అందులోని ఆలోచన. కౌన్సిల్ దాన్ని ఆమోదించింది, తర్వాత మరికొన్ని బళ్లకు విస్తరించింది, 1925లో ప్రభుత్వ అభ్యంతరంతో ఆగింది, మళ్లీ మొదలైంది. దేశంలో మధ్యాహ్న భోజన పథకం చరిత్ర రాసేవారు మొదట చెప్పే తేదీల్లో ఇదొకటి. ఇవాళ మన బళ్లలో కోట్ల మంది పిల్లలు తింటున్న అన్నానికి వెనుక ఒక నగరపాలక సంస్థ మామూలు అజెండా అంశం ఉంది. ఖర్చెంత, ఎవరికి, ఏ పద్దు నుంచి అని అడిగి తేల్చుకున్న సభ్యులున్నారు కాబట్టి ఆ చిన్న తీర్మానానికి అంత బతుకు వచ్చింది.

మన దగ్గర ఆ అడిగే అవకాశమే సన్నగిల్లింది. తెలుగు రాష్ట్రాల కార్పొరేషన్లకు మూలమైన 1955 నాటి చట్టం ప్రకారం పాలన మూడు చేతుల్లో ఉంటుంది: సర్వసభ్య మండలి, స్థాయీ సంఘం, కమిషనర్. ఒక పరిమితి దాకా ఖర్చు కమిషనర్ మంజూరు చేస్తారు, ఆ పైది స్థాయీ సంఘానికి, ఇంకా పెద్దది కౌన్సిల్‌కు, దాన్ని మించితే రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. ఆచరణలో హైదరాబాద్‌లో సర్వసభ్య సమావేశం మూడు నెలలకోసారి జరుగుతూ వచ్చింది. ఒక్క రోజులో ప్రశ్నోత్తరాలు, జీరో అవర్, అజెండా అన్నీ ముగియాలి. ఉదయమంతా ప్రొటోకాల్ తగవుతో గడిచిపోతే మధ్యాహ్నం తర్వాత పదుల కొద్దీ అంశాలు ఒకదాని వెంట ఒకటి అంకెలు చదవగానే ఆమోదం పొందుతాయి. 2025 జనవరిలో జీహెచ్‌ఎంసీ వార్షిక బడ్జెట్, రూ.8,440 కోట్లది, సభలో గందరగోళం మధ్యే గట్టెక్కింది. దీనికి తోడు రెండు అలవాట్లు పాతుకుపోయాయి. ఒకటి టేబుల్ అజెండా: ముందుగా సభ్యులకు పంపిన పుస్తకంలో లేని అంశాలను సమావేశం రోజున బల్లమీద పెట్టి ఆమోదింపజేయడం. రెండోది ర్యాటిఫికేషన్: పని ముందుగా చేయించి, కొన్నిసార్లు బిల్లు కూడా చెల్లించి, ఆ తర్వాత కౌన్సిల్ చేత ఔననిపించడం. వరద వచ్చినప్పుడు, పైప్‌లైన్ పగిలినప్పుడు ఈ రెండూ అవసరమే. పార్కు గోడకు రంగులు వేయించడానికి, దుకాణాల లీజు పొడిగింపునకు కూడా ఇదే దారి పట్టడమే తప్పు. సభ్యుడు ఆ కాగితం మొదటిసారి చూసే క్షణమే దానికి చేయెత్తాల్సిన క్షణం కూడా అయినప్పుడు, ఆ ఆమోదానికి విలువ లేదు.

చట్టం ఇలా ఉండమనలేదు. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్, ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే ప్రకటించవలసిన వివరాల్లో, తన మండళ్లు, కమిటీల సమావేశాలకు జనం రావచ్చా, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయా అన్నది కూడా చేర్చింది. ప్రజలమీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు తీసుకునేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని అదే సెక్షన్ చెబుతుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండి తీరాలంది. కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులకు షరతుగా సమాచార వెల్లడి, ప్రజా భాగస్వామ్య చట్టాలు చేయాలని కేంద్రం కోరింది. తెలంగాణ 2019లో తెచ్చిన మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు, ఒక్కొక్కదాంట్లో 15 మంది ఉండాలని రాసింది. ఇన్ని నిబంధనలున్నా, మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందని అడిగితే చాలా ఊళ్లలో జవాబు దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. దరఖాస్తు ఇంటి దగ్గరే తీసుకోవడం మేలే. అయితే అక్కడి కార్యదర్శులు జవాబుదారీగా ఉండేది కమిషనర్‌కు, వార్డు ఎన్నుకున్న సభ్యునికి కాదు. సేవ వీధికి దగ్గరైంది, నిర్ణయం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

అసలు కౌన్సిల్ లేకపోతే ఏమవుతుంది? ప్రత్యేకాధికారి పాలనే నయమని, గొడవలుండవని, పనులు చకచకా సాగుతాయని అనేవారు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. దీన్ని విశాఖపట్నం అనుభవంతో పరీక్షించాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో, 98 వార్డులకు. ఆ తొమ్మిదేళ్లలో ఆ నగరం చూసినవి తక్కువేం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని అతలాకుతలం చేసింది. పునర్నిర్మాణం, వీధి దీపాల మార్పిడి అప్పుడే జరిగాయి. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖ చేరింది. ఆ పనుల కోసం ప్రత్యేకంగా కంపెనీ ఏర్పాటైంది. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఒక పరిశ్రమ నుంచి విషవాయువు లీకై ప్రాణాలు పోయాయి. జనావాసాల మధ్య అలాంటి పరిశ్రమ గురించి, సముద్రతీరంలో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలన్న దాని గురించి నిలదీసి అడిగే సభ ఒక్కటీ తొమ్మిదేళ్లపాటు కూర్చోలేదు. అధికారులు తుపాను తర్వాత రాత్రింబవళ్లు శ్రమించిన మాట నిజం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ వారి నిర్ణయాల్లో మంచివేవో, పొరపాట్లేవో తేల్చడానికి నగరం దగ్గర మినిట్స్ పుస్తకం లేదు. చర్చ జరిగితేనే కదా అసమ్మతి రికార్డుకెక్కేది.

ఇది ఒక్క నగరం కథ కాదు. హైదరాబాద్ పాత కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు తీరాక, తర్వాతి కౌన్సిల్ కోసం 2002 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఎన్నికైన పురపాలక సంఘాల గడువు 2010లో ముగిస్తే ఎన్నికలు 2014 మార్చిలో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులైలో గడువు తీరితే 2021 మార్చిలో ఎన్నికలు పెట్టారు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల స్థానంలో 2025 జనవరి చివర్లో ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. గడువు ముగియక ముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం నిర్ద్వంద్వంగా చెబుతోంది. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 2022లో సురేశ్ మహాజన్ కేసులో మరో ధర్మాసనం అదే మాట ఖరాఖండిగా చెప్పాయి. ముంబయి కార్పొరేషన్ 2022 మార్చి నుంచి 2026 జనవరి దాకా కౌన్సిల్ లేకుండా నడిచింది, 2025-26కు రూ.74 వేల కోట్లు దాటిన బడ్జెట్‌ను తయారుచేసిందీ ఆమోదించిందీ అధికార యంత్రాంగమే. కాగ్ తనిఖీల సారాన్ని క్రోడీకరించి చూసినప్పుడు 17 రాష్ట్రాల్లోని 2,625 పట్టణ సంస్థల్లో 1,600 చోట్ల ఎన్నికైన పాలకవర్గమే లేదని తేలింది.

కౌన్సిల్ లేని కాలంలో తీసుకునే నిర్ణయాలు ఎంత దూరం వెళ్తాయో ఆస్తిపన్ను చూపిస్తుంది. 2020లో కొవిడ్ వేళ రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలు ఇస్తూ కేంద్రం పెట్టిన షరతుల్లో పట్టణ ఆస్తిపన్ను సంస్కరణ ఒకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది చివర్లో చట్టం సవరించి, అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ మీదకు మార్చింది. తర్వాత ఏటా పెంపు 15 శాతానికి మించకూడదని పరిమితి పెట్టింది. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పాత అద్దెల లెక్కలో అన్యాయాలు లేవని ఎవరూ అనరు. నేను ఎత్తి చూపేది మరొకటి. ప్రతి ఇంటిమీదా పడే పన్ను పునాదే మారుతున్న ఆ నెలల్లో రాష్ట్రంలోని దాదాపు ఏ పట్టణంలోనూ ఎన్నికైన సభ లేదు. 2021 మార్చిలో గెలిచి వచ్చిన సభ్యుల ముందుకు ఆ తర్వాత వచ్చింది ఖరారైన చట్రంలో ఎంత శాతం వేయాలన్న అంశం మాత్రమే. పన్ను కట్టేవాడు తన వార్డు సభ్యుణ్ని అడిగితే, అది పైనుంచి వచ్చిందయ్యా అన్న జవాబే దొరికింది. ఆ జవాబు అబద్ధం కాకపోవడమే బాధాకరం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. కౌన్సిలర్లకు అజెండా ముందే ఇస్తే మాత్రం చదువుతారా, వాళ్లలో కొందరు బినామీ పేర్లతో పనులు చేసేవాళ్లే కదా, భార్య గెలిస్తే సమావేశాలు చూసేది భర్త కదా అంటారు. ఈ మూడింటిలోనూ నిజం ఉంది. అందుకే అజెండా సభ్యుడికి అందితే చాలదు, వార్డుకు అందాలంటున్నాను. పని ఎవరికి దక్కిందో, ఎంతకు దక్కిందో వారం ముందే వీధికి తెలిస్తే కాంట్రాక్టరూ సభ్యుడూ కలిసిపోయే వీలు తగ్గుతుంది. ఇక మహిళా సభ్యుల సంగతి. రెండు రాష్ట్రాల స్థానిక సంస్థల్లోనూ సగం స్థానాలు మహిళలవి. తొలిసారి గెలిచిన గృహిణి చేతిలో, ఇంగ్లిషు ఇంజినీరింగ్ మాటలతో నిండిన అంచనా పత్రం సమావేశం ఉదయాన పెట్టి, ఆమెకు మాట్లాడడం రాదనడం అన్యాయం. నీళ్ల ట్యాంకర్ ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు, వీధి దీపం ఎన్నాళ్లుగా వెలగడం లేదు అన్నది ఆమెకు తెలిసినంతగా ఆమె భర్తకు తెలియదు. తెలుగులో, అర్థమయ్యే మాటల్లో, వారం ముందు అజెండా ఇచ్చి చూడండి. ఆమె తరఫున మాట్లాడడానికి హాలు బయట నిలబడే భర్తల అవసరం తగ్గడం మొదలవుతుంది. మొదలవుతుంది అనే అంటున్నాను. పితృస్వామ్యం ఒక కాగితంతో పోదని తెలుసు.

అసలు మున్సిపాలిటీ చేతిలో అధికారమేముంది అన్నది మరో అభ్యంతరం. పన్నెండో షెడ్యూలులోని 18 విధుల్లో చాలావాటిని రాష్ట్రాలు తమ చేతుల్లోనో, వేరే సంస్థల చేతుల్లోనో ఉంచుకున్నాయి. హైదరాబాద్‌లో మంచినీళ్లు 1989లో ఏర్పడిన జలమండలివి, నగర ప్రణాళిక చాలావరకు 2008 నాటి హెచ్‌ఎండీఏది, చెరువుల ఆక్రమణల తొలగింపు 2024లో వచ్చిన హైడ్రాది. కాగ్ తనిఖీ చేసిన రాష్ట్రాల్లో పట్టణ సంస్థల రాబడిలో సొంతంగా సంపాదించుకునేది సగటున 32 శాతమే. అధికారాలు, నిధులు బదలాయించాలన్న డిమాండ్ న్యాయమైనది, ఆ పోరాటం ఆపకూడదు. కానీ ఉన్నదాన్ని సరిగా వాడని సభకు మరింత ఇవ్వండని ఏ ప్రభుత్వాన్ని ఒప్పించగలం? పారిశుధ్యం, కాలువలు, వీధి దీపాలు, సంతలు, శ్మశానాలు, వార్డు రోడ్లు నేటికీ కౌన్సిల్ పరిధిలోనే ఉన్నాయి. సామాన్యుడి ఆరోగ్యమూ, రోజు గడవడమూ ఆధారపడేది వీటిమీదే. డెంగీ వచ్చే వీధికి జలమండలి ఎవరిదన్న తగవు అక్కరకు రాదు. బ్లీచింగ్ పౌడరు, ఫాగింగ్, దోమల మందు పేరిట ఎంత ఖర్చు రాశారన్న లెక్క అక్కరకు వస్తుంది.

ముందే ప్రకటిస్తే జాప్యం అవుతుందని, కోర్టు కేసులు పడతాయని అధికారులు అంటారు. పూడికతీత అవసరం జూన్‌లో హఠాత్తుగా పుట్టదు. ఏటా వచ్చే వానాకాలానికి ఫిబ్రవరిలోనే అంచనా వేయవచ్చు. అవుట్‌సోర్సింగ్ కార్మికుల గడువు ఏ తేదీన ముగుస్తుందో ఒప్పందం రాసిన రోజే తెలుసు. అలా ముందే తెలిసిన వాటిని చివరి నిమిషం దాకా ఆపి అత్యవసరం పేరుతో తేవడం వల్లే కేసులు పడుతున్నాయి. నిజమైన విపత్తుకు మినహాయింపు ఉండాల్సిందే. టేబుల్ అంశంగా తెచ్చే ప్రతి దానికీ అది ముందుగా ఎందుకు రాలేకపోయిందో కమిషనర్ రాతపూర్వకంగా చెప్పాలి, ర్యాటిఫికేషన్‌కు వచ్చిన ప్రతి పనికీ ఆదేశం ఇచ్చిన తేదీ, చెల్లించిన మొత్తం పక్కనే రాయాలి. ఈ రెండు షరతులు పెడితే నిజాయతీగల అధికారికి రక్షణే. రేపు విజిలెన్స్ విచారణ వస్తే తాను ఎందుకు తొందరపడ్డాడో చెప్పుకోవడానికి అతని దగ్గర కాగితం ఉంటుంది.

చేయవలసింది ఎక్కువేం లేదు. సమావేశానికి కనీసం వారం ముందు అజెండాను తెలుగులో, అంచనా వివరాలతో సహా, వార్డు కార్యాలయం గోడమీద, సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టాలి. వార్డు కమిటీ ఆ వారంలో ఒక్కసారి కూర్చుని తన వార్డు అంశాలమీద అభిప్రాయం రాసి సభ్యునికి ఇవ్వాలి. సభ ముగిసిన వారంలోగా మినిట్స్, ఎవరు అసమ్మతి తెలిపారో పేర్లతో, బయటపెట్టాలి. ప్రత్యేకాధికారి పాలన ఉన్న చోట ఈ నిబంధన మరింత గట్టిగా అమలు కావాలి, ఎందుకంటే అక్కడ ప్రశ్నించే సభ్యుడు కూడా లేడు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, శాసనసభ దాకా వెళ్లనక్కర్లేదు. ఏ పురపాలక సంఘమైనా తన తర్వాతి సమావేశంలో ఒక తీర్మానంతో మొదలుపెట్టవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థులను రోడ్డు వేయిస్తారా, నల్లా ఇప్పిస్తారా అని అడుగుతూనే ఉంటాం. దానికి మరో ప్రశ్న కలపండి: ప్రతి సమావేశం అజెండా వారం ముందు మా వీధిలో అంటిస్తారా? కౌన్సిల్ ఇప్పటికే ఉన్న ఊళ్లో అయితే మీ వార్డు సభ్యుని దగ్గరికి వెళ్లి, వచ్చే సమావేశం అజెండా ప్రతి ఒకటి ఇమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.